ఇనప కడియం దగ్గరి చోటు

నేను పదకొండేళ్లు కాపురం చేసిన ఊరిని మావాళ్లెవరూ ఊరని ఒప్పుకోలేదు. అరోరా అనే పెద్ద ఊళ్లో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలు ఒకసారి చూడ్డానికి వస్తే, కారులో ఎక్కించుకుని కోర్టు చుట్టూ రెండుసార్లు తిప్పాను. "ఊరెప్పుడొస్తుందే?" అని అడిగింది. "వచ్చింది, పోయింది కూడా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ నాకు లోపల చురుక్కుమంది. అప్పటికే ఆ ఊరిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తోంది. మొదట్లో నేనే దాన్ని అందరికన్నా ఎక్కువగా తిట్టుకున్నాను. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆ ఊరి సంత గురించి, మా నాన్న గురించి చెప్పాలి.

ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూల కొండలుంటాయి. ఆ కొండల మధ్య కాస్త చదునైన నేల మీద ఉంది మా ఊరు. దగ్గర్లో చెప్పుకోదగ్గ ఊరు బెంటన్‌విల్‌కి గంట పైన ప్రయాణం. నడిమధ్య ఎర్ర ఇటుకల కోర్టు, దాని నెత్తిన పది నిమిషాలు వెనక నడిచే గడియారం. కోర్టు చుట్టూ రాళ్లు పరిచిన ఖాళీ జాగా. దాన్ని వాళ్లు స్క్వేర్ అనేవాళ్లు, నేను కోర్టు సెంటరు అనేదాన్ని. జాగాకి నాలుగు వైపులా మందుల షాపు, దాణా కొట్టు, మంగలి షాపు, లైబ్రరీ, ఒక కాఫీ హోటలు. నేను వెళ్లిన డెబ్బై ఏడు నాటికే సగం కొట్లు మూతపడి, అద్దాలకు అట్టలు అంటించి ఉన్నాయి. హైవే మీద పెద్ద షాపు వచ్చాక జనం అటు మళ్లారు.

ఆ ఊరు కోర్టు కోసం పుట్టలేదు, సంత కోసం పుట్టింది. వాగు పక్కన పిండిమర నడిపిన ఒకాయన, మరకు వచ్చే రైతులు బళ్లు ఆపుకోవడానికి ఈ జాగా రాసిచ్చాడు. రాసిచ్చేటప్పుడు ఒక మెలిక పెట్టాడు. ప్రతి శనివారం ఇక్కడ సంత జరగాలి, ఒక్క శనివారం తప్పినా నేల తన వారసులకు తిరిగి వెళ్లాలి. కోర్టు ఆ తర్వాత వచ్చింది, రెండుసార్లు తగలబడి మళ్లీ లేచింది. రైలు వచ్చింది. కొండల నిండా ఆపిల్ తోటలు లేచాయి, ఊరంతా ఎండబెట్టిన ఆపిల్ వాసన వేసేదట. తర్వాత పురుగు పట్టి తోటలు పోయాయి, తోటలు పోయాక రైలు పోయింది, కోళ్ల షెడ్లు వచ్చాయి. ఇన్ని వచ్చి పోయినా సంత మాత్రం ఒక్క శనివారం తప్పలేదు. ఆ మెలికకు ఇప్పుడు చట్టంలో విలువ లేదని లాయర్లే చెప్పేవారు. అయినా తప్పి చూద్దామన్న ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అందరూ వస్తారు. చలికాలంలో వంతులు. చోటున్న ప్రతి కుటుంబం ఒక శనివారం తీసుకుంటుంది. మంచు పడినా వాన పడినా ఆ కుటుంబం నుంచి ఒకరు తమ చోట్లో నిలబడాలి. గడియారం పన్నెండు కొట్టేలోపు బయటి మనిషికి ఒక్క వస్తువైనా అమ్మాలి. చోటున్నవాళ్లు ఒకరి దగ్గర ఒకరు కొంటే లెక్కలోకి రాదు. ఆ చోట్లకు గీతలు లేవు, అంకెలు లేవు, కాగితం లేదు. ఏది ఎవరి చోటో అందరికీ తెలుసు, తెలియనివాళ్లకు ఎవరూ చెప్పరు.

చెప్పకపోవడమే ఆ ఊరి స్వభావం. ఎదుటి మనిషికి నొప్పి కలిగే మాట వాళ్లు నోటితో అనరు. దారిలో ఎదురైన ప్రతి కారుకూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి పలకరిస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే అడగకుండానే గిన్నెలో వంట పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టి వెళతారు. మీ కారు వాళ్ల గడ్డి మీద ఏడాది పొడవునా నిలబడినా కిమ్మనరు. మా ఊళ్లో ఆ పాటికి మూడు తరాలను ఎత్తి తిట్టేవారు. నాకు మాత్రం తిట్టేవాళ్లే నయమనిపించేది. తిడితే తప్పెక్కడుందో తెలుస్తుంది.

మావారు అక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు. ఆ కొండల్లోకి ఇంకెవరూ రామన్నారు కాబట్టి మమ్మల్ని రానిచ్చారు. నేను ఇంట్లో ఇద్దరు పిల్లలతో. ఆదివారం ఊళ్లోని బాప్టిస్టు చర్చికి వెళ్లేవాళ్లం. తెలుగు పాట కావాలంటే మూడు గంటలు డ్రైవ్ చేసి, నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థనకు పోవాలి. విసుగు పుట్టి లైబ్రరీలో ఏదైనా పని ఇవ్వమని అడిగాను. ఒంగోలులో టైపు లోయరూ హయ్యరూ ప్యాసయ్యానని చెబితే లైబ్రరీ నడిపే పెద్దావిడకు అర్థం కాలేదు. మిషను ముందు కూర్చోబెట్టి చూసి, మర్నాటి నుంచి రమ్మంది. ఊరి చరిత్ర చేతిరాత కాగితాలు అట్టపెట్టెల్లో మూలుగుతున్నాయి. వాటిని టైపు చెయ్యడమే నా పని. పైన చెప్పిన కథంతా అలా నా వేళ్ల మీదుగా వచ్చిందే.

ఎనభై ఒకటి మే నెలలో మా నాన్న వచ్చారు, ఆరు నెలల వీసా మీద. మిషన్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అమ్మ అప్పటికే లేదు. పెట్టెలో తెలుగు బైబిలు, రెండు పంచెలు, జేబురుమాలు మూలన ముడేసి తెచ్చిన విత్తనాలు. గోంగూర, బెండ, దోస. వారం తిరక్కుండా మా పెరడు తవ్వేశారు.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే మా నాయనమ్మ తెలియాలి. మా ఊళ్లో మంగళవారం సంత. నాయనమ్మ ఆ సంతలో గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు అమ్మి నాన్నను చదివించింది. తెల్లారకముందే గంప నెత్తిన పెట్టుకుని అందరికన్నా ముందు వెళ్లేదట. ఎంత ముందు వెళ్లినా ఆమె చోటు మాత్రం చివర్న మురుగు కాలవ గట్టు మీదే. ఊరి బయటి మా పల్లెవాళ్లంతా అక్కడే కూర్చోవాలి. ఒకసారి వాన పడి గట్టు జారిపోతుంటే నాలుగడుగులు ముందుకు జరిగి పట్టా పరిచింది. ఆకుకూరలు కాలితో తన్ని కాలవలోకి తోశారు. నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్లు. పక్కనే ఉన్నారు. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు, మళ్లీ ఎత్తలేదు.

జూలై వచ్చేసరికి పెరడు విరగకాసింది. ఫ్రిజ్ నిండింది, చర్చివాళ్లకు పంచాం, ఇంకా మిగిలింది. ఒక శుక్రవారం నాన్న, "అమ్మాయ్, రేపు నన్ను కోర్టు కాడ దింపు. అక్కడ సంత జరుగుతుందంటివి గదా" అన్నారు.

"దేనికి?"

"అమ్ముదామని."

నాకు ఒళ్లు మండింది. "డాక్టరుగారి మామగారు బెండకాయలు అమ్ముతున్నారంటే ఆయన పరువేం కావాలి? నాయనమ్మ అంత కష్టపడింది మిమ్మల్ని ఆ పట్టా మీద నుంచి లేపడానికే కదా."

"అల్లుడుగారిని అడిగినా. నవ్వాడు" అన్నారు నాన్న. "నేను కూర్చునేది డబ్బుకు కాదులే తల్లీ. ఒక్కసారి సంతలో నాకు నచ్చిన చోట కూర్చుందామని."

మర్నాడు తెల్లారుతుండగానే తీసుకెళ్లాను. అప్పటికే పదిహేను ట్రక్కులు వచ్చి ఉన్నాయి. కోర్టు మెట్లకు సరిగ్గా ఎదురుగా, సంతకు నడిబొడ్డున, ఒక చోటు ఖాళీగా ఉంది. నేల రాతిలో పాతకాలం నాటి ఇనప కడియం, గుర్రాలు కట్టేది. నాన్న దాని ముందు ఆగిపోయారు.

"ఇది ఎవరిదో అయ్యుంటుంది" అన్నారు.

"ఇక్కడ అలాంటివేం ఉండవు నాన్నా" అన్నాను. "ఎవరు ముందొస్తే వాళ్లది. ఇది అమెరికా."

ఆ మాట గొప్పగా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చరిత్ర టైపు చేస్తున్న మనిషిని, పక్కవాళ్లను ఒక్క మాట అడగొచ్చు కదా. నాన్న గోనెపట్టా తీసి నేల మీద పరవబోతే మాత్రం ఆపాను. మడతబల్ల వేసి, కుర్చీ వేసి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని కారు దగ్గరికి పోయి నిలబడ్డాను, ఆ ముసలాయన ఎవరో నాకు తెలియనట్టు. నాన్న కుర్చీలో కూర్చుని రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి నాలుగు వైపులా చూశారు. హెడ్మాస్టరు కుర్చీలో కూడా ఆయన అంత ఠీవిగా కూర్చోగా నేను చూడలేదు.

పక్క చోట్లో తేనె అమ్మే ఆయన టోపీ తీసి పెట్టుకున్నాడు, అంతే. బెండకాయలు గంటలో అయిపోయాయి. వాటిని వాళ్లూ మొక్కజొన్న పిండిలో ముంచి వేయించుకుంటారు. గోంగూర దగ్గరే చిక్కొచ్చింది. పుల్లటి ఆకని నాన్న చెబితే ఒకావిడ తీసుకెళ్లి పంచదార పోసి, రొట్టెలో కూరి కాల్చే 'పై' అనే తీపి చేసిందట, మరుసటి వారం ఒక ముక్క తెచ్చి నాన్నకిచ్చింది. నాన్న ఆవిడ ఎదుటే మొత్తం తిన్నారు. ఇంటికొచ్చాక, "మన ఆకును ఇంత అవమానం ఎవరూ చెయ్యలేదు" అన్నారు. అలా నాలుగు శనివారాలు నడిచాయి.

నాలుగో వారం తర్వాత, సోమవారం నేను లైబ్రరీకి వెళ్లేసరికి నా మిషను పక్కన ఒక పలచని కాగితాల కట్ట ఉంది. అట్టపెట్టెల్లో దాని వంతు రావడానికి ఇంకా చాలా ఉంది. "ముందు ఇది చెయ్యి, హనీ" అంది పెద్దావిడ, నా వైపు చూడకుండా.

అవి సంత కట్టుబాట్లు. రెండో పేజీలో ఉంది. చోటు గల మనిషి చనిపోతే ఆ చోటును ఏడాది ఖాళీగా ఉంచాలి. ఆ ఏడాది ఇంటివాళ్లు అమ్మకానికి రారు. చలికాలంలో తమ వంతు శనివారం మాత్రం నిలబెడితే చోటు వాళ్లకే ఉంటుంది. ఈ లోపల వేరెవరైనా వరుసగా మూడు శనివారాలు అక్కడ అమ్మితే చోటు వాళ్లదవుతుంది. ఇంతవరకు ఎవరూ ఆ పని చెయ్యలేదు. చివరి వాక్యం చేతిరాతలోదే, ఎవరో గర్వంగా రాసుకున్నారు.

నా వేళ్లు ఆగిపోయాయి. ఇనప కడియం దగ్గరి చోటు ఎవరిదని పెద్దావిడను అడిగాను. మార్చిలో చనిపోయిన ఆపిల్ తోట ఆయనదని చెప్పింది. మొట్టమొదటి సంతనాడు ఆ కడియానికి గుర్రం కట్టింది ఆయన ముత్తాత. ఆయన భార్య ఊరి చివర ఒక్కతే ఉంటోంది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఆయన మీ నాన్న" అంది పెద్దావిడ. "అంత ముచ్చటగా కూర్చున్నాడు. ఎవరు చెబుతారు?"

ఆ కట్టలో ఇంకొక పేజీ ఉంది, దాన్నీ చెప్పాలి. ఉత్తరపు సందులో, దాణా కొట్టు వెనక, నల్లజాతి రైతుల చోట్లు ఆరు ఉండేవని ఒక సంవత్సరం అంకె వేసి రాసి ఉంది. కింది వాక్యంలో, ఆ సంవత్సరం తర్వాత వారు రాలేదు అని ఉంది. ఎందుకు రాలేదో లేదు. ఊళ్లో పొద్దుగూకాక వాళ్లను ఉండనిచ్చేవారు కాదన్న సంగతి మావారికి ఆసుపత్రిలో ఒక ముసలి పేషెంటు చెప్పాడు. నేను ఆ వాక్యం ఉన్నదున్నట్టు టైపు చేశాను. నా చేతిలో ఉన్నది అంతే.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. బెండ మొక్కలకు నీళ్లు పెడుతున్నారు.

"ఆ చోటు మనది కాదు నాన్నా."

ఆయన ముఖం చూడలేకపోయాను. గొట్టం నేల మీద పెట్టేశారు. "లెయ్యమన్నారా?" అని అడిగారు.

"ఎవరూ అనలేదు."

"అనకపోయినా అదే గదా. యాడికి పోయినా మనకు కాలవ గట్టేనా అమ్మాయ్?"

"అది కాదు. అది చనిపోయినాయన చోటు. ఆయన కోసం ఏడాది ఖాళీగా ఉంచారు."

నీళ్లు పాదు దాటి పారిపోతున్నాయి. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "చచ్చిపోయినోడి కోసం చోటు ఖాళీగా పెడతారా?" అన్నారు. "మా అమ్మ చచ్చిపోయాక వచ్చిన మంగళవారమే ఆమె చోట్లో ఇంకొకళ్లు కూర్చున్నారు. కాలవ గట్టే, అయినా ఒక్క వారం ఆగలా." తర్వాత, "నన్ను ఆయమ్మ కాడికి తీసుకుపో" అన్నారు.

ఆ సాయంత్రమే వెళ్లాం. కొండ కింద చెక్క ఇల్లు, వెనక పన్నెండు ముసలి ఆపిల్ చెట్లు. వందల ఎకరాల తోటలో అవే మిగిలాయి. ఆవిడ సన్నగా, పొడుగ్గా, నాన్న వయసే ఉంటుంది. నాన్న తలవంచి నిలబడి, బడిలో నేర్పిన ఇంగ్లీషులో చెప్పారు: మీ భర్త చోట్లో తెలియక కూర్చున్నాను, క్షమించండి, ఇక రాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మీరు రాకపోతే అది నాకు రాదు" అంది. "చోటు ఇప్పుడు మీది. మీరు వదిలేస్తే వరుసలో ఉన్నవాళ్లకు పోతుంది. ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లున్నారు."

మంచినీళ్లు ఇచ్చింది. మేం తాగేదాకా ఆగి, మెల్లగా అంది. "ఈ చెట్లు నా తర్వాత ఉండవు. ఈ ఇల్లు ఎవరు కొంటారో తెలియదు. మా వాళ్లు ఇక్కడ బతికారనడానికి ఆ రాళ్ల మీద పది అడుగుల జాగా ఒక్కటే ఉంది. మీ కూతురికి అది పిచ్చిగా అనిపిస్తుందేమో."

నాన్న నా వైపు తిరిగి తెలుగులో, "ఏం పిచ్చి కాదని చెప్పు" అన్నారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. అయినా నన్ను చెప్పమన్నారు.

దారి ఆవిడే చూపించింది. చోటు గల మనిషి ఇంకొకరిని తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని, సీజను ముగిసేదాకా ఇద్దరూ కలిసి అమ్మితే, చోటు ఇద్దరిదీ అవుతుంది. అలా అంటే ఆవిడ ఏడాది దుఃఖం పాటించకుండా, భర్త పోయి ఆర్నెల్లు నిండకుండానే సంతలో కూర్చోవాలి. ఆ ఊరి ఆడవాళ్లు ఎవరూ అలా చెయ్యలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "ఆయన ఏమీ అనుకోడులే" అంది.

తర్వాతి శనివారం నుంచి అక్టోబరు ఆఖరుదాకా మా బల్ల మీద ఒక పక్క బెండకాయలు, దోసకాయలు, ఒక పక్క ఆపిల్స్. ఒక కుర్చీలో నాన్న, ఇంకో కుర్చీలో ఆవిడ. మొదటి రోజు తేనె ఆయన లేచి వచ్చి ఆవిడ ముందు టోపీ తీశాడు, ఆ తర్వాత నాన్న ముందు కూడా తీశాడు. మా చిన్నమ్మాయి ఆవిడను ఆంటీ అంటే, నేను నీకు అత్తనెప్పుడయ్యానని నవ్వింది. బేరం లేనప్పుడు నాన్న క్రైస్తవ కీర్తన ఏదో కూనిరాగం తీసేవారు. ఆ రాగం తెలిసినదైతే ఆవిడ తన భాషలో గొంతు కలిపేది.

నల్లజాతి రైతుల పేజీ సంగతి నేను చెప్పినప్పటి నుంచీ నాన్నకు ఒక ముల్లు మాత్రం లోపల ఉండిపోయింది. ఒకరోజు ఆవిడనే అడిగారు. నేను అక్కడే ఉన్నాను. "ఉత్తరపు సందులో ఆరు చోట్లుండేవట. వాళ్ల కోసం ఎవరు ఖాళీగా ఉంచారు?"

ఆవిడ చేతిలో ఆపిల్‌ను గుడ్డతో తుడుస్తోంది. తుడుస్తూనే ఉంది. చివరికి, "ఎవరూ ఉంచలేదు" అంది. "మా మామగారి కాలం అది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు." నాన్న తల ఊపారు. ఆవిడ సాకులు చెప్పలేదు, ఈయన పొడిగించలేదు. ఆ వారం నుంచి సంత ముగిశాక ఇద్దరూ లేచి ఆ సందు చివరిదాకా నడిచి వచ్చేవారు. అక్కడ చెత్తడబ్బాలు తప్ప ఏమీ ఉండేవి కావు.

సీజను ముగిసిన మంగళవారం నాన్న విమానం ఎక్కారు. ఆవిడ ఒక సంచి ఆపిల్స్ ఇచ్చింది. నాన్న విత్తనాలన్నీ మళ్లీ రుమాలు మూలన ముడేసి నా చేతిలో పెట్టారు. "వచ్చే ఏడు నేను వచ్చేదాకా నాటకుండా కూర్చోమాక" అన్నారు.

ఫిబ్రవరిలో ఫోను వచ్చింది. చర్చి నుంచి నడిచి వస్తూ అరుగు మీద కూర్చున్నారట, అలాగే పోయారు. నేను టికెట్ బుక్ చేసేలోపే సమాధి చేసేశారు. ఆఖరి చూపు దక్కలేదు. ఆ బాధ గురించి రాయను, అందరికీ తెలిసిందే. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. లైబ్రరీకి రెండు వారాలు వెళ్లలేదు, అంతే. గుమ్మంలో గిన్నెలు రావడం మొదలైతే, తెలిసిపోయిందని అర్థమైంది.

ఏప్రిల్లో సంత మొదలైన రోజు పాలు కొనడానికి ఆ దారిన వెళ్లాను. ఇనప కడియం దగ్గర ఆవిడ బల్ల వేసుకుని కూర్చుంది. చిన్న బల్ల. చోటులో సగం మాత్రమే ఆక్రమించింది. మిగతా సగం ఖాళీగా ఉంది. జనం నిండుగా ఉన్నారు, పక్కవాళ్లు పెట్టెల మీద పెట్టెలు పేర్చుకుని ఇరుకుగా సర్దుకుంటున్నారు, ఆ ఐదడుగుల జాగాలోకి మాత్రం ఎవరూ కాలు పెట్టడం లేదు. పక్కన ఆడుకుంటున్న ఎవరి పిల్లో అటు పరిగెత్తబోతే తల్లి చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

కారు పక్కకు ఆపి, ఫిబ్రవరి నుంచి ఏడవని ఏడుపు అప్పుడు ఏడ్చాను. మురుగు కాలవ గట్టు మీద పెరిగిన మా నాన్న కోసం ఆర్కన్సా కొండల్లో నడిబజారులో చోటు ఖాళీగా పెట్టారు. మా నాయనమ్మకు ఈ సంగతి చెప్పేవాళ్లెవరూ లేరు.

ఆ సీజనంతా నేను సంతకు వెళ్లలేదు, ఆ ఖాళీని చూసే శక్తి లేక. పెరట్లో గోంగూర మాత్రం నాటాను. ఆయన వాడిన పారతోనే తవ్వాను. ఆకు కోసి, ఎండుమిరపకాయలు వేసి నిల్వ పచ్చడి పెట్టాను. డిసెంబరులో ఒకరోజు ఆవిడ మా ఇంటి తలుపు తట్టింది. లోపలికి రాలేదు.

"జనవరి రెండో శనివారం మీ నాన్నది" అంది. "రావాలని లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. చోటు మొత్తం నాకే వస్తుంది. నాకు అది వద్దు."

ఏడాదిన్నర కిందట ఆ బల్లకు దూరంగా నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ దాన్ని నేను. ఇప్పుడు నేనే అమ్మాలి, ఒక్కదాన్నే, అందరూ చూస్తుండగా. మూడు వారాలు వెనకాముందాడాను. వెళ్లకపోతే ఆయన చోటు పోతుంది. నాయనమ్మ చోటు లాగే పోతుంది, ఈసారి నా వల్ల. చివరికి మావారే మడతబల్ల తీసుకెళ్లి కారులో పెట్టారు.

ఆ శనివారం మంచు చీలమండల దాకా ఉంది. కోర్టు సెంటరులో నరపురుగు లేదు. ఇనప కడియం ఎక్కడుందో కాలితో తడిమి కనుక్కున్నాను. బల్ల వేసి మూడు సీసాలు పెట్టి, చీర మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని నిలబడ్డాను. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదకొండైంది. కాఫీ హోటలు అద్దాల వెనక మనుషులున్నారు. తేనె ఆయన, కోడిగుడ్లు అమ్మే ఆవిడ, ఇంకా చాలామంది. అందరూ చోటున్నవాళ్లే, కొన్నా లెక్కలోకి రాదు. అయినా ఇళ్లకు పోకుండా అక్కడే కూర్చున్నారు. దాణా కొట్టు ముందు ఆపిల్ తోట ఆవిడ కారు ఇంజను పొద్దున్నుంచీ నడుస్తూనే ఉంది. రోడ్లు మూసుకుపోయాయి, బయటి మనిషి వచ్చే దారి లేదు. పావు తక్కువ పన్నెండుకు చలికి కాళ్లు మొద్దుబారాయి. అక్కడికొచ్చాక నాన్నను తలుచుకుని మొదటిసారి కోపం వచ్చింది, ఇంత బరువు నా నెత్తిన పెట్టి పోయినందుకు.

అప్పుడు హైవే వైపు నుంచి కోళ్ల లారీ ఒకటి పాక్కుంటూ వచ్చింది. దారి తప్పినట్టుంది. నా ముందు ఆగి, డ్రైవరు అద్దం దించాడు. ఇరవై ఏళ్ల వయసున్న నల్లజాతి మనిషి. నన్ను, బల్లను, చుట్టూ ఉన్న తెల్లటి ఖాళీని చూశాడు.

"ఇక్కడేం జరుగుతోంది, మేడమ్?"

"మార్కెట్."

"ఇదా?"

"ఇదే."

నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. దిగి వచ్చాడు. సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఏంటిది?"

"ఆకు పచ్చడి. చాలా కారం. మా నాన్న విత్తనాలతో పండించింది. ఇది మా నాన్న చోటు."

అతను ఖాళీ వీధిని ఇంకోసారి చూశాడు. ఉత్తరపు సందు వైపు అతని చూపు వెళ్లిందో, నాకే అలా అనిపించిందో తెలియదు. జేబులోంచి నోటు తీసి ఇచ్చి, సీసా కోటు లోపల పెట్టుకుని లారీ ఎక్కాడు. హైవేకి దారి చూపించాను. స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి వెళ్లిపోయాడు.

గడియారం పన్నెండు కొట్టింది, తన పద్ధతిలో పది నిమిషాలు ఆలస్యంగా. కాఫీ హోటలు తలుపు తెరుచుకుంది, ఆవిడ కారు దిగి మంచులో నా వైపు నడిచి వస్తోంది. బల్ల మడిచి ఇంటికి పోవచ్చు. నాన్న కుర్చీ తెచ్చాను గానీ పొద్దున్నుంచీ అందులో కూర్చోలేదు. దాని మీది మంచు చేత్తో దులిపి, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి కూర్చున్నాను.